ఒక్క గీత మిగిలినప్పుడు

కెమెరా ఆన్ చేయగానే నేను మొదట చూసేది ఎదురుగా ఉన్న మనిషిని కాదు. తెర మూలన ఉండే చిన్న బ్యాటరీ బొమ్మని. అందులో మూడు గీతలుంటే ఊపిరి ఆడుతుంది. రెండుంటే నోరు ఎండుతుంది. ఒకటే ఉంటే చెయ్యి దానంతటదే ఇంకో బ్యాటరీ కోసం సంచిలోకి పోతుంది. పని మానేసి ఏడాది దాటింది. ఇప్పటికీ బస్సులో పక్కన కూర్చున్న పిల్ల ఫోన్ తీస్తే, దాని మొహం కంటే ముందు ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూస్తాను. తక్కువుంటే ఆ పిల్లకు లేని గాబరా నాకు పుడుతుంది.

నా పేరు గంగామణి. ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర మా ఆయన రాజన్న పెట్టిన ఫోటో స్టూడియో మాది. ఆయన పోయాక నేనే నడిపాను. ఇప్పుడు మా చెల్లెలి బిడ్డ స్వప్న తీసుకుంటోంది. వచ్చే శుక్రవారం మొదటిసారి ఒక్కతే పెళ్లి ఫోటోలు తీయడానికి పోతుంది. నాకు రెండో తరగతి చదువు. నేను చెబుతుంటే స్వప్నే రాస్తోంది. నేను ‘గట్ల’ అంటే అది ‘అలా’ అని రాస్తుంది. పుస్తకంలో అట్లనే ఉండాలంట. ఉండనీ. ఎవరైనా మాట్లాడిన మాటలు మాత్రం ఉన్నవున్నట్టే రాయమన్నాను.

వెలుగు ఎటునుంచి రావాలి, మనిషిని ఎక్కడ నిలబెట్టాలి, ఇవన్నీ దానికి నాకంటే బాగా వచ్చు. నేను చెప్పేది బ్యాటరీ గురించి. ఇంతేనా అనుకోకండి. నేను ఒక బ్యాటరీని సరిగ్గా చూసుకోనందుకు బాల్కొండ దగ్గర పల్లెలో ఒక ఆడమనిషి తన మొగుడు ఉన్నాడో పోయాడో తెలియకుండా పన్నెండేళ్లు బతికింది. అది చెప్పకుండా ఇంకేం చెప్పినా అబద్ధమే అవుతుంది.

మా ఆయన జేబు

రీలు కెమెరాలు పోయి డిజిటల్ కెమెరా వచ్చిన కొత్తలో మా ఆయన ఒకటి కొన్నాడు. చేతిలో పట్టేంత చిన్నది. ఆన్ చేస్తే మూతి బయటికి వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. అప్పుడు నేను ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆయన పనంతా కనిపించేది.

పని లేనప్పుడు కెమెరాలోంచి బ్యాటరీ తీసి, అంగీ జేబులో గుండెకు ఆనించి పెట్టుకునేవాడు. ఫోటో తీసే ముందు మళ్లీ వేసేవాడు. నేను నవ్వేదాన్ని.

“ఏందయ్యా, కోడిపిల్లనా అది? గట్ల ఒత్తుకొని కూసున్నవ్?”

“కోడిపిల్ల లెక్కనే. సలికి ముడుసుకపోతది, ఎండకు సస్తది. నువ్వు సలికాలం లేవంగనే బీడీ ఆకు మలుస్తవా? వేళ్లు కదుల్తయా? దానికి గూడ గంతే.”

ఆయన చెప్పింది నిజం. చలిలో బ్యాటరీ బిగుసుకుంటుంది. సగం బలం లోపలున్నా బయటికి ఇవ్వదు, అయిపోయినట్టు చూపిస్తుంది. ఒంటి వెచ్చదనంలో కాసేపు ఉంచితే మళ్లీ రెండు మూడు ఫోటోలు ఇస్తుంది. ఇంకోటి కూడా చెప్పేవాడు. కెమెరా వెనుక తెర ఉంది చూడు, అదే పెద్ద దొంగ అనేవాడు. ఫోటో తీసినదానికంటే తీసిన ఫోటోను చూసుకున్నదానికే ఎక్కువ తాగుతుంది. దాని తర్వాత ఫ్లాష్. ఆ కెమెరాకు పైన ఒక చిన్న రంధ్రం ఉండేది, కన్ను ఆనించి చూడటానికి. తెర బంద్ చేసి ఆ రంధ్రంలోంచే చూసి తీసేవాడు. అలా ఒక్క బ్యాటరీతో ఒక పెళ్లి మొత్తం లాగేవాడు.

అన్నీ విన్నాను. విన్నది సగమే పట్టుకున్నాను.

ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. తొమ్మిదో రోజున అంగీలు మడతపెడుతుంటే ఒక జేబులో బ్యాటరీ దొరికింది. నేను కెమెరా పట్టింది ఆ రోజే. ధైర్యం ఉండి కాదు. ఆ బ్యాటరీని ఇంకెవరికి ఇవ్వాలో తెలియక.

పొయ్యి గడ్డ మీద

మొదట్లో నన్ను పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కాదు. మొగుడు పోయిన మనిషి పెళ్లిపీటల ముందు నిలబడి ఫోటో తీయడమేంటి అనేవాళ్లు. కొందరు నా మొహం మీదే అనేవాళ్లు, కొందరు ఫోన్ ఎత్తేవాళ్లు కాదు. నాకు వచ్చిన పని రెండు రకాలు. ఒకటి, గల్ఫ్ పోయేవాళ్ల పాస్‌పోర్ట్ ఫోటోలు, బీడీ కార్మికుల కార్డులకు ఫోటోలు. రెండోది, పోలీస్ స్టేషన్ వాళ్లు పిలిచే పని. గుర్తు తెలియని శవం దొరికితే ఫోటో తీయాలి. పెళ్లిళ్లు చేసే ఫోటోగ్రాఫర్లు ఆ పనికి వచ్చేవాళ్లు కాదు, శవాలు తీసిన కెమెరా అంటే తర్వాత శుభకార్యాలకు పిలవరని. నన్ను ఎలాగూ పిలవరు కదా. నేను పోయేదాన్ని.

శవం దగ్గర నాకొక అలవాటు పడింది. నేరుగా చూసేదాన్ని కాదు. కెమెరా మొహానికి అడ్డం పెట్టుకుని, తెరలో ఎంత కనబడితే అంతే చూసేదాన్ని. తీశాక తల తిప్పుకునేదాన్ని. అది తెలివి అనుకున్నాను. ఈ అలవాటును గుర్తుంచుకోండి, దీని దగ్గరికే మళ్లీ వస్తాను.

నా దగ్గర రెండు బ్యాటరీలు ఉండేవి. ఒకదాన్ని నా చేతులారా చంపాను. ఎలాగంటే, వానాకాలం ముసురు పడితే బీడీల్లో పెట్టే పొగాకు, తంబాకు అంటాం, చెమ్మగిల్లుతుంది. దాన్ని చేటలో పోసి పొయ్యి గడ్డ మీద, అంటే పొయ్యి పక్క మట్టి అరుగు మీద పెడతాం, నిప్పు తగలకుండా, వెచ్చదనం మాత్రమే తగిలేలా. పది నిమిషాల్లో పొడిపొడిగా అవుతుంది. బీడీలు చుట్టే ప్రతి ఇంట్లో ఉన్నదే ఇది. ఒకరోజు ముసురుకు బ్యాటరీ చల్లగా తగిలింది. మా ఆయన మాట గుర్తొచ్చింది, వెచ్చగా ఉంచాలని. ఒంటికి ఆనించుకుంటే ఇంత బలం వస్తే పొయ్యి గడ్డ మీద ఇంకెంత వస్తుందో అనుకున్నాను. తంబాకు చేటలోనే ఒక మూలన పెట్టి బీడీలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

తీసి చూస్తే మధ్యలో పూరీ పొంగినట్టు పొంగింది. కెమెరాలో దూరలేదు. అదృష్టం, పేలలేదు. పొంగిన బ్యాటరీ పేలుతుందని, మంట లేస్తుందని ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు ఇంట్లో ఎన్ని తునికాకు కట్టలు ఉన్నాయో ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను.

ఒంటి వేడి వేరు, పొయ్యి వేడి వేరు. ఒళ్లు ఓర్చుకునే వేడినే బ్యాటరీ కూడా ఓర్చుకుంటుంది. మోటార్ సైకిల్ డబ్బాలో ఎండలో వదిలేసినా పొయ్యి మీద పెట్టినట్టే.

ఇంకో బ్యాటరీ తెప్పించుకోవాలి. రేపు, ఎల్లుండి అంటూ నాలుగైదు నెలలు గడిపేశాను. ఒక్కదానితోనే పని చేశాను.

మాక్లూర్‌లో నలుగు

మాఘమాసంలో మాక్లూర్ నుంచి పిలుపొచ్చింది. పెళ్లికూతురికి నలుగు పెట్టే రోజు. అంతా ఆడవాళ్లు ఉంటారు, మగ ఫోటోగ్రాఫర్ వద్దని పిల్ల పట్టుబట్టిందట. పోగానే వాళ్ల అమ్మమ్మ నన్ను గడప దగ్గరే ఆపింది.

“గీ ముచ్చటకు గీమెనే దొరికిందా మీకు? ఊళ్లె ఇంకెవ్వలు లేరా?”

పీట మీద కూర్చున్న పిల్ల అక్కడినుంచే అరిచింది. “అమ్మమ్మా, నువ్వు జర ఊకో. ఆమె రాకుంటె నేను పీట మీదికెల్లి లేస్త.”

“లేస్తె లేవే. లేసి ఎటు పోతవ్ గా పసుపు మొకంతోని?”

అందరూ నవ్వారు. ముసలామె కూడా నవ్వింది. నేను మూలన నిలబడి తీశాను. నడుమ పాటలు మొదలయ్యాయి. పనిలేని సమయం కదా అని మా ఆయన చెప్పినట్టు బ్యాటరీ తీసి రైక లోపల పెట్టుకుందామనుకున్నాను. అప్పుడే ఆ పిల్ల నన్ను పిలిచింది.

“అక్కా, జర చెయ్యి సాపు.”

చాపాను. గిన్నెలోంచి నూనె కలిపిన పసుపు తీసి నా రెండు అరచేతులకూ పూసింది. మా ఆయన పోయినప్పటి నుంచి నాకు ఎవరూ పసుపు పెట్టలేదు. ఊరంతా పసుపు పండుతుంది, మార్కెట్ యార్డు పక్కనుంచి పోతే పసుపు దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. కానీ ఒకరు చేత్తో పెట్టడం వేరు. నాకు కళ్లు మసకబారాయి. ఆ చేతులతోనే, తుడుచుకోవాలన్న సోయి లేకుండా, బ్యాటరీ తీశాను. రైకలో పెట్టుకున్నాను. మళ్లీ తీసి వేశాను.

బ్యాటరీకి ఒక అంచున మూడు చిన్న ఇత్తడి రేకులు ఉంటాయి. బలం లోపలికి పోయేదీ బయటికి వచ్చేదీ వాటిగుండానే. నూనె, పసుపు కలిసి వాటి మీద పొర కట్టింది. ఇంటికి వచ్చి ఛార్జర్‌లో పెట్టగానే పచ్చలైటు వెలిగింది. పూటంతా తీసినా ఇంకా నిండుగానే ఉందా అని సంబరపడ్డాను. మా ఆయన పద్ధతి ఎంత మంచిదో అనుకున్నాను. నిజానికి బ్యాటరీ నిండితేనే కాదు, రేకులు అసలు తగలకపోయినా ఆ ఛార్జర్‌లో పచ్చలైటే వస్తుంది. కెమెరా లోపలి పిన్నులు గట్టిగా నొక్కుతాయి కాబట్టి కెమెరా పని చేసింది. ఛార్జర్ పిన్నులు వదులు. ఒక్క చుక్క బలం కూడా లోపలికి పోలేదు.

నాకు అది తెలియదు. నిండు బ్యాటరీ అనుకుని పొద్దున్నే బయల్దేరాను.

పోచంపాడ్ నీళ్ల దగ్గర

స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి బండి మీద తీసుకుపోయాడు. పోచంపాడ్ డ్యాం నీళ్లలో ఒక మగమనిషి శవం తేలితే చేపలు పట్టేవాళ్లు ఒడ్డుకు లాగారు. పొగమంచు ఇంకా విడవలేదు. చలికి నా పళ్లు కొట్టుకుంటున్నాయి.

కెమెరా ఆన్ చేశాను. రెండు గీతలు. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాను, రెండే. నిండుగా ఉండాల్సిందే, ఎట్లా? చలికి అయ్యుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మొదటి ఫోటో తీశాను, మొహానిది, ఫ్లాష్‌తో.

“ఏదీ, సూపియ్ అక్కా,” అన్నాడు కానిస్టేబుల్.

చూపించాను. ఇంకోటి తీశాను.

“గిది ఎట్లొచ్చింది? సూపియ్. జర పెద్దగ చెయ్యి.”

పెద్దది చేసి చూపించాను. చెడ్డ మనిషి కాదు. కొత్త వస్తువు మీద ముచ్చట. కానీ ఒక్కో ఫోటోకు ఒక్కో నిమిషం తెర వెలుగుతూ ఉంది. నేను కాదనలేదు. స్టేషన్ వాళ్లకు కాదని చెబితే ఉన్న పని కూడా పోతుందని భయం. ఇది నేను చేసిన తప్పుల్లో పెద్దది. ఎదుటి మనిషి ఎంత పెద్దవాడైనా ‘అన్నీ తీసినంక సూపిస్త సార్’ అనాలి. అంటే ఎవరూ కొట్టరు. నాకు అది అనడం రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొహానివే ఐదారు ఫోటోలు అయ్యాయి. ఆ మొహం ఎన్ని తీసినా ఒకటే. నీళ్లలో నాని ఉబ్బిపోయింది, కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. అప్పుడు చేపలు పట్టే ముసలాయన కర్రతో శవం చెయ్యి కొంచెం ఎత్తి పట్టుకున్నాడు.

“కుడి చేతికి పచ్చబొట్టు ఉన్నట్టున్నది. గిది తియ్యమ్మా. మొకం ఏం పని చేస్తది?”

నేను కెమెరా అటు తిప్పాను. ఒక్క గీత ఎర్రగా రెండుసార్లు కొట్టుకుంది. తెర నల్లబడింది. కెమెరా మూతి లోపలికి కూడా పోలేదు, అట్లే బయటికి ఉండిపోయింది.

బ్యాటరీ తీసి కొంగుతో తుడిచాను. కొంగుకు పసుపు అంటింది. అప్పుడు అర్థమైంది. రాత్రి వెలిగిన పచ్చలైటు, నా అరచేతులు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. శవాన్ని తీసుకుపోయే ట్రాక్టర్ గట్టు మీదికి వచ్చి ఆగింది.

“అయిపోయిందా అక్కా? పోదామా?”

“జర ఆగు సార్. ఒక్కటి ఉన్నది. ఒక్కటి తియ్యాలె.”

బ్యాటరీని రెండు అరచేతుల నడుమ రుద్దాను. నోటితో ఊదాను. చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ట్రాక్టర్ డ్రైవర్ హారన్ కొట్టాడు. లోపల సగం చచ్చిన కోడిపిల్లను పట్టుకున్నట్టే ఉంది. ఐదు నిమిషాలు ఆగి ఉంటాను. అంతకంటే ఆగనివ్వలేదు.

బ్యాటరీ వేసి ఆన్ చేసి, తెర బంద్ చేశాను. ఫ్లాష్ బంద్ చేశాను. పై రంధ్రంలోంచి చూస్తూ ఆ చేతి మీదికి పట్టి నొక్కాను. చలికి వేళ్లు వణుకుతున్నాయి, పొగమంచులో వెలుగు చాల్లేదు. టక్ అంది. ఆ వెంటనే మళ్లీ ఆరిపోయింది.

తల తిప్పుకున్నాను. ఎప్పటి అలవాటు అది. మూడడుగులు వేసి వంగి చూస్తే ఆ చేతి మీద ఏముందో నా రెండు కళ్లతో చూసి ఉండేదాన్ని. నా కళ్లకు బ్యాటరీ అక్కర్లేదు కదా. చూడలేదు. కానిస్టేబుల్ కాగితం మీద ‘కుడి చేతికి పచ్చబొట్టు’ అని రాసుకున్నాడు. ఏం బొట్టో రాసుకోలేదు. ఫోటోలో ఉంది కదా అనుకున్నాడు.

మూడు రోజులు చూసి, ఎవరూ రాకపోతే పూడ్చిపెట్టారు.

నర్సవ్వ

రెండు నెలలకు స్టేషన్ వాళ్లు ఒకామెను నా దగ్గరికి పంపారు. నర్సవ్వ. బాల్కొండ దగ్గరి పల్లె. యార్డులో పసుపు కొమ్ములు ఏరే పనికి వచ్చేది. ఆమె మొగుడు ఆ చలికాలంలోనే గల్ఫ్ వీసా పని మీద బొంబాయి పోతున్నానని చెప్పి సంచి పట్టుకుని ఇల్లు విడిచాడు. మళ్లీ కబురు లేదు. బొంబాయి చేరాడో, సముద్రం దాటాడో, పక్కనున్న పోచంపాడ్ కూడా దాటలేదో ఎవరికీ తెలియదు.

మొహం ఫోటోలు చూసింది. తల అడ్డంగా ఊపింది. కాదని కాదు, తెలియడం లేదని.

“కుడి చెయ్యికి తేలు బొట్టు ఉంటది అక్కా ఆయనకు. గీడ, మోచేతి కింద. తోక మీదికి లేసి ఉంటది.”

చేతి ఫోటో చూపించాను. ఊగిపోయిన ఫోటో. చెయ్యి ఉంది, మోచేతి కింద నల్లటి మరక ఉంది. తేలా, పేరా, దేవుడా, ఏదీ చెప్పలేని మరక. తెర మీద పెద్దది చేసేకొద్దీ ఇంకా చెదిరిపోతుంది.

చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

“స్టేషనోళ్లు, చేపలోళ్లు యాదికి లేదంటున్నరు. నువ్వు ఆడనే ఉన్నవు గద. తేలు ఉండెనా?”

“నేను సూడలే చెల్లె.”

“ఫోటో తీసినవు. సూడలేదంటవేంది?”

కెమెరా ఆపి బల్ల మీద పెట్టాను.

కాగితం మీద తీసి ఇస్తాను, ఇంటికి తీసుకుపో అన్నాను. ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

“నాకొద్దు. ఇంట్లకు తీస్కపోతె ఆయన సచ్చిండని నేనే ఒప్పుకున్నట్టయితది. నీ దగ్గర్నే ఉండనియ్. నేనే వచ్చి సూస్త.”

అర్జీ పెట్టుకుంటే తవ్వించి పరీక్ష చేయిస్తారని ఎవరో చెప్పారట. “కాదని తేలితె మంచిదే అక్కా. ఔనని తేలితె?” అంది. పెట్టుకోలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ పసుపు యార్డుకు వచ్చే రోజుల్లో ఒకసారి స్టూడియోకు వచ్చేది. చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చుని కెమెరా పట్టుకునేది. కంప్యూటర్ మీద చూపిస్తానంటే వద్దనేది. గోడంత పెద్దగా అందరి ముందు ఎందుకు, ఆ చిన్న తెరలోనే చూస్తాననేది. ఒక ఏడు “తోక ఉన్నట్టే ఉన్నది” అనేది. మరో ఏడు “కాదక్కా, పేరే ఇది” అని నవ్వుకుంటూ పోయేది. నొసటన రూపాయంత బొట్టు ఎప్పుడూ ఉండేది.

అందుకే ఆ పాత కెమెరాను పారేయలేదు. కొత్త కెమెరాలు వచ్చాయి, స్టేషన్ వాళ్లు తమ ఫోన్లలోనే తీసుకోవడం మొదలుపెట్టారు, ఆ కెమెరా మోడలే ఆగిపోయింది. దాని బ్యాటరీ నిజామాబాద్‌లో దొరకలేదు, హైదరాబాద్‌లో దొరకలేదు. ఉన్న ఒక్కదాన్నే కాపాడాలి. పసుపు కాలం దగ్గరపడుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఆమె వచ్చి కూర్చున్నాక అది వెలగకపోతే?

దాన్ని ఎలా కాపాడాను

స్వప్నా, ఇది నీకే. రాస్తున్నప్పుడు నవ్వకు.

వాడని బ్యాటరీని కెమెరాలో ఉంచవద్దు. ఆఫ్ చేసినా లోపల కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. నిండుగా నింపి దాచవద్దు, పూర్తిగా ఖాళీ చేసి కూడా దాచవద్దు. సగం ఉంచి, చల్లగా, పొడిగా ఉన్న చోట పెట్టాలి. నేను మందుల డబ్బాలో పెట్టి, కింది అరలో, ఎండ తగలని మూలన ఉంచాను. రెండు నెలలకొకసారి తీసి చూసి, తగ్గితే కొంచెం నింపేదాన్ని. ఛార్జర్‌లో పెట్టి మర్చిపోవద్దు. నిండాక తీసేయాలి. పచ్చలైటును నమ్మవద్దు. ముందు ఎర్రలైటు వచ్చి, తర్వాత పచ్చగా మారితేనే అది నిండినట్టు. పెట్టగానే పచ్చగా వెలిగితే తీసి రేకులు పొడిబట్టతో తుడిచి మళ్లీ పెట్టు.

పెళ్లిలో ఉన్నచోటే ఫోటోలు చూసుకుంటూ, పనికిరానివి చెరిపేస్తూ కూర్చోకు. ఇంటికొచ్చి చేసుకో. ఫోటో తీసే మీట సగం నొక్కి పట్టుకుని ఎదురు చూడకు, అలా పట్టుకున్నంతసేపూ కెమెరా లోపల పని చేస్తూనే ఉంటుంది. ఒక బ్యాటరీతో గడప దాటకు. ఇప్పటి కెమెరాలకు ఏమీ కాదు పెద్దమ్మా అంటావు. నాది కూడా అప్పటికి కొత్త కెమెరానే.

అన్నిటికంటే ముందు, కెమెరా తీయకముందు నీ కళ్లతో చూడు. పెళ్లయినా, చావయినా. ఎంత భయమైనా, ఎంత ఏడుపొచ్చినా.

ఈ ఏడు

నర్సవ్వ మొన్న వచ్చింది. స్వప్న కౌంటర్ దగ్గర ఉంది. నేను ఊరికే కూర్చుందామని పోయాను. నిజం చెప్పాలంటే ఊరికే కాదు, పసుపు కాలం కదా.

నేను ముందురోజే బ్యాటరీ నింపి పెట్టాను. కానీ అది ముసలిదైంది. నింపింది నిలవడం లేదు. కెమెరా ఆన్ చేసి ఆమె చేతిలో పెట్టేసరికే ఒక్క గీత.

“జల్ది సూడు చెల్లె, జల్ది,” అన్నాను.

“తొందర పెట్టకక్కా. గిన్నేండ్ల సంది పెట్టనిదానివి.”

మొహం ఫోటోలు దాటించింది. చేతి ఫోటో వచ్చింది. పెద్దది చేయబోయింది. తెర నల్లబడింది.

కెమెరా లాక్కుని బ్యాటరీ తీసి, తుడిచి, అరచేతుల్లో పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. “వస్తది, ఆగు. వెచ్చబడితె వస్తది. ఒక్కసారి ఇస్తది, నాకెరుక,” అంటూ ఊదుతున్నాను. కళ్ల ముందు అదే పొగమంచు, చెవుల్లో అదే హారన్.

నర్సవ్వ లేచి నా రెండు చేతులనూ తన చేతులతో మూసి పట్టుకుంది. పసుపు వాసన.

“ఇగ ఊకో అక్కా,” అంది. “దాన్ని సావనియ్.”

నేను ఆమె మొహం చూశాను.

“కాయితం మీద తియ్యి. తీస్కపోత.”

“ఏమన్న తెలిసిందా చెల్లె? కబురేమన్న వచ్చిందా?”

“ఏం తెల్వలే. ఏం రాలే. తేలో కాదో గిప్పుడు గూడ తెల్వది.” నా చేతులు వదిలింది. “మా బిడ్డ అడుగుతున్నది, నాయినను ఏమని చెప్పుకోవాలె అని. నేనొక్కదాన్ని ఎన్నేండ్లు సూస్త? అదన్న సూడనియ్.”

స్వప్న లేచి కెమెరాలోని మెమరీ కార్డు తీసుకుంది. కంప్యూటర్‌లో పెట్టి చేతి ఫోటోను కాగితం మీద తీసింది. తడి ఆరడానికి రెండు నిమిషాలు బల్ల మీద పెట్టింది. నర్సవ్వ దాన్ని చూడలేదు. వెనక్కి తిప్పి, పాత పేపరులో చుట్టి, కొంగు కింద పెట్టుకుంది.

“ఇంట్ల ఏడ పెడ్తవ్?” అని అడిగాను.

“గోడకు పెట్టనక్కా. బియ్యం డబ్బల అడుగుకు పెడ్త. అడిగినోళ్లకు ఉన్నదని చెప్త.”

మెట్లు దిగి యార్డు దిక్కు నడిచిపోయింది. నొసటన బొట్టు అలాగే ఉంది.

నా చేతిలో బ్యాటరీ ఇంకా ఉంది. వెచ్చబడింది. పోయి ఛార్జర్‌లో పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. స్టూలు దగ్గరికి జరుపుకుని దాని ముందే కూర్చున్నాను.

“ఇంకెవ్వలు సూస్తరని పెడ్తున్నవ్ పెద్దమ్మా?” అంది స్వప్న.

“ఉండనియ్ బిడ్డా,” అన్నాను. “పచ్చగ అయ్యేదాంక ఉండనియ్.”